ముందు క్యాచీ మీద చెయ్యి వేయకండి

"అన్నయ్యా, సేవ్ బటన్ నొక్కుతుంటే ఏమీ అవట్లేదు."

పోయిన ఏడాది కౌన్సెలింగ్ టైమ్‌లో రాత్రి తొమ్మిదింటికి మా చెల్లి చేసిన ఫోన్ ఇది. వెబ్ ఆప్షన్లకు గడువు ఆ రాత్రి 12 గంటలు. అరవై కాలేజీలు వరసగా పెట్టుకుంది, సేవ్ నొక్కింది. చక్రం తిరుగుతూనే ఉంది. నేను హైదరాబాద్‌లో ఉన్నా, తను ఊళ్లో ఉంది. గాడ్జెట్ల గురించి రాసేవాణ్ని కదా, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పేశా: "సెట్టింగ్స్‌కి వెళ్లి బ్రౌజింగ్ డేటా మొత్తం డిలీట్ చేసెయ్."

చేసింది. సేవ్ కాని అరవై ఆప్షన్లూ పోయాయి. లాగిన్ పోయింది. మళ్లీ లాగిన్ అవ్వాలంటే ఓటీపీ నాన్న నంబర్‌కి వస్తుంది. నాన్న బస్సు డ్రైవర్, ఆ రాత్రి డ్యూటీలో ఉన్నారు. స్టీరింగ్ మీద చెయ్యి ఉండగా ఫోన్ ఎత్తే మనిషి కాదు. పది దాటాక టీ కోసం బస్సు ఆపినప్పుడు తిరిగి ఫోన్ చేశారు. చెల్లి మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ సేవ్ దగ్గరే ఆగింది. చివరికి విసుగొచ్చి అమ్మ ఫోన్ తీసుకుంది. అదే వైఫై, అదే సైట్. మొదటి నొక్కుకే సేవ్ అయింది. 11:45కి ముగించేసరికి అరవైలో గుర్తున్నవి 38 మాత్రమే పెట్టగలిగింది.

సీటొచ్చింది. కానీ ఆ కంగారులో మర్చిపోయిన 22 కాలేజీల్లో ఒకటి, తనకొచ్చిన కాలేజీ కంటే పైన పెట్టాలనుకున్నది. ఆ కాలేజీలో చివరి సీటు తన కంటే వెనక ర్యాంకు వాళ్లకి వెళ్లింది.

అందుకే ఈసారి ఫోన్ రివ్యూ కాదు, ఒక సలహా మీద నా అభిప్రాయం రాస్తున్నా. "క్యాచీ క్లియర్ చెయ్, కుకీలు తీసెయ్" అనేది మన టెక్ లోకంలో పారాసెటమాల్ మాత్ర లాంటిది. ఏ జ్వరమో చూడకుండా ఇచ్చేస్తాం. కొన్నిసార్లు పనిచేస్తుంది కూడా, అందుకే దానికి అంత పేరు. కానీ దాన్ని మొదటి మందుగా ఇవ్వడం తప్పు అని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నా. ఎందుకో చెప్తాను.

బటన్ కనిపిస్తుంది, పనిచేయదు. ఎందుకు?

మనకు ఒక పేజీలా కనిపించేది నిజానికి చాలా ఫైళ్ల కలయిక. బటన్ ఆకారం, అక్షరాలు హెచ్‌టీఎంఎల్‌లో ఉంటాయి. రంగులు, అమరిక సీఎస్ఎస్‌లో ఉంటాయి. నొక్కితే ఏం జరగాలో చెప్పేది చాలా సైట్లలో జావాస్క్రిప్ట్. ఆ స్క్రిప్టులు కూడా ఒకేచోటు నుంచి రావు. కొన్ని ఆ సైట్ సర్వర్ నుంచి, కొన్ని మ్యాప్ కంపెనీ నుంచి, కొన్ని పేమెంట్ గేట్‌వే నుంచి, ఇంకొన్ని ఎవరు ఎంతసేపు చూశారో లెక్కపెట్టే అనలిటిక్స్ కంపెనీల నుంచి వస్తాయి.

వీటిలో ఒక్కటి రాకపోయినా పేజీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. బటన్ ఉంటుంది, ప్రాణం ఉండదు. మ్యాప్ స్థానంలో బూడిద రంగు పెట్టె, డ్రాప్‌డౌన్ నొక్కితే ఖాళీ జాబితా, క్యాప్చా స్థానంలో తెల్లటి చోటు. అన్నీ ఈ జాతి జబ్బులే.

మరి స్క్రిప్ట్ ఎందుకు రాలేదు? ఐదు చోట్ల అడ్డు పడొచ్చు. నెట్‌వర్క్‌లో, మనం పెట్టుకున్న యాడ్ బ్లాకర్‌లో, బ్రౌజర్ దాచుకున్న పాత ఫైళ్లలో, బ్రౌజర్ వయసులో, లేదా ఆ సైట్‌లోనే. క్యాచీ క్లియర్ చేయడం ఈ ఐదింటిలో మూడో దానికి మాత్రమే మందు. మిగతా నాలుగింటికి అది చేసే మేలేమీ లేదు, కీడు మాత్రం ఉంది.

క్యాచీ వేరు, కుకీలు వేరు

ఇక్కడ చాలామంది పొరబడేది ఇదే. క్యాచీ అంటే బొమ్మలు, స్క్రిప్టుల కాపీలు. అది పోతే పెద్ద నష్టం లేదు, మళ్లీ డౌన్‌లోడ్ అవుతాయి, కొంచెం డేటా ఖర్చు. కుకీలు, సైట్ డేటా అలా కాదు. మీరు లాగిన్ అయి ఉన్నారన్న గుర్తు, కార్ట్‌లో పెట్టుకున్న సరుకు, కొన్ని సైట్లు మీ ఫోన్‌లోనే దాచే సగం నింపిన ఫారం అక్కడే ఉంటాయి. "మొత్తం డిలీట్" అంటే ఈ రెండూ పోతాయి. అదీ ఆ ఒక్క సైట్‌కే కాదు, అన్ని సైట్లకూ.

క్యాచీ నిజంగా దోషి అయ్యే సందర్భం ఒకటుంది. సైట్‌వాళ్లు కొత్త వెర్షన్ పెడతారు, మీ బ్రౌజర్ మాత్రం పాత స్క్రిప్టునే పట్టుకుని ఉంటుంది. కొత్త పేజీకి పాత స్క్రిప్ట్ కుదరదు. అప్పుడు కూడా అంతా తుడిచేయక్కర్లేదు. కంప్యూటర్‌లో అయితే కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మూడూ కలిపి నొక్కండి, ఆ పేజీ ఫైళ్లన్నీ తాజాగా దిగుతాయి. ఫోన్ క్రోమ్‌లో అడ్రస్ పక్కన ఎడమవైపున్న గుర్తు నొక్కితే ఆ ఒక్క సైట్ కుకీలు, డేటా మాత్రమే తీసేసే దారి కనిపిస్తుంది. ఇల్లంతా కడగకుండా ఒక గది ఊడ్చుకున్నట్టు.

నేనిప్పుడు పాటించే వరస

ఆ రాత్రి తర్వాత నాకంటూ ఒక వరస పెట్టుకున్నా. ఐదు నిమిషాల పని. ఇందులో మొదటి సూత్రం ఒక్కటే: ఏదీ పోగొట్టకుండా కనిపెట్టాలి.

అన్నిటికన్నా ముందు, ఆ ట్యాబ్‌ను ముట్టుకోకండి. రిఫ్రెష్ వద్దు, బ్యాక్ వద్దు. నింపినదంతా స్క్రీన్‌షాట్ తీసుకోండి, పెద్ద రాత ఉంటే కాపీ చేసి నోట్స్‌లో పెట్టుకోండి. డబ్బు కట్టే పేజీ అయితే బటన్ రెండోసారి నొక్కే ముందు బ్యాంక్ మెసేజ్ వచ్చిందేమో, ఖాతాలో డబ్బు కట్ అయిందేమో చూడండి. మా చెల్లి స్క్రీన్‌షాట్లు తీసుకుని ఉంటే అరవై ఆప్షన్లూ మళ్లీ పెట్టగలిగేది. ఆ మాట చెప్పడం నాకు తోచలేదు.

తర్వాత, ఇంకో ఫోన్‌లో తెరవండి. అదే వైఫైలో అమ్మ ఫోన్‌లో పనిచేస్తే సైట్ బాగుంది, నెట్ బాగుంది, తేడా మీ ఫోన్‌లో ఉంది. రెండిట్లోనూ రాకపోతే వైఫై ఆపి మొబైల్ డేటాతో చూడండి. అప్పుడు వస్తే తప్పు మీ వైఫైది. కాలేజీ, ఆఫీస్ వైఫైల్లో కొన్ని అడ్రసులు మూసేసి ఉంచడం మామూలే. అప్పుడూ రాకపోతే సైట్‌నే అనుమానించాలి. ఈ ఒక్క పరీక్ష సగం గొడవ తేల్చేస్తుంది.

తేడా మీ ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో ఉందని తేలితే, ఇన్‌కాగ్నిటో విండో తెరవండి. అందులో పాత కుకీలు ఉండవు, క్రోమ్‌లో మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. అక్కడ పనిచేసిందంటే దోషి పాత డేటా లేదా ఎక్స్‌టెన్షన్. ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటే ఆపుతూ పోతే ఏదో దొరికిపోతుంది. ఒక మెలిక గుర్తుంచుకోండి. క్రోమ్ ఇన్‌కాగ్నిటో థర్డ్ పార్టీ కుకీలను మామూలుగా ఆపేస్తుంది. పేజీలో ఇంకో కంపెనీ లాగిన్ పెట్టె, వీడియో పెట్టె లాంటివి ఉంటే వాటికవే అక్కడ పనిచేయకపోవచ్చు. ఇన్‌కాగ్నిటోలో రాలేదని వెంటనే తీర్పు చెప్పేయకండి.

ఆ తర్వాతది "వేరే బ్రౌజర్‌లో చూడు". మంచి సలహానే, కానీ సగం మంది తప్పుగా చేస్తారు. క్రోమ్‌లో రాకపోతే ఎడ్జ్, అందులో రాకపోతే బ్రేవ్, తర్వాత ఒపెరా, శాంసంగ్ ఇంటర్నెట్. బాబూ, ఇవన్నీ క్రోమియమ్ పునాది మీద కట్టినవే. ఒకే ఇంజిన్‌కి రంగులు మార్చి చూస్తున్నారు. ఆండ్రాయిడ్‌లోనూ విండోస్‌లోనూ ఇంజిన్ నిజంగా మారాలంటే ఫైర్‌ఫాక్స్ పెట్టి చూడాలి. ఐఫోన్‌లో కథ ఇంకో రకం. మన దేశంలో ఐఫోన్‌లో క్రోమ్ పెట్టినా, ఫైర్‌ఫాక్స్ పెట్టినా లోపల తిరిగేది యాపిల్ వెబ్‌కిట్ ఇంజినే. సఫారీలో పేజీ కోడ్ ఇంజిన్‌కి కుదరక విరిగితే ఐఫోన్ క్రోమ్‌లోనూ అలాగే విరుగుతుంది. అప్పుడు ఆండ్రాయిడ్ ఫోనో కంప్యూటరో అరువు తీసుకోవడమే దారి.

ఇన్‌స్టాగ్రామ్‌లో వచ్చిన లింక్ అక్కడే నొక్కి తెరిచారా? అది మీ క్రోమ్ కాదు, ఆ యాప్ లోపలి చిన్న బ్రౌజర్. ఫైల్ అప్‌లోడ్, డౌన్‌లోడ్, పేమెంట్ కోసం కొత్త విండో తెరవడం లాంటివి అక్కడ తరచూ తడబడతాయి. మూడు చుక్కలు నొక్కి బయటి బ్రౌజర్‌లో తెరవండి, చాలాసార్లు అంతటితో అయిపోతుంది.

ఇక నన్ను దెబ్బకొట్టినది: ప్రైవేట్ డీఎన్ఎస్. ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న సెట్టింగ్ ఇది. ప్రకటనలు ఆపే డీఎన్ఎస్ పేరు అక్కడ పెడితే ఫోన్‌లో చాలా యాడ్స్ మాయమవుతాయి. చదివేవాళ్లలో సగం మంది పెట్టుకునే ఉంటారు. నేనూ చాలామందికి పెట్టిచ్చా. కానీ అది ఫోన్ మొత్తానికి వర్తిస్తుంది. ఇన్‌కాగ్నిటోకి వెళ్లినా, వైఫై మార్చినా, మొబైల్ డేటాకి వచ్చినా మీ వెంటే వస్తుంది. అందుకే ఒక ఫోన్‌లో మాత్రం అన్ని బ్రౌజర్లలో, అన్ని నెట్‌వర్క్‌లలో రాకపోతే ముందు చూడాల్సింది ఇదే. వీపీఎన్ ఉంటే అదీ ఆపి చూడండి. ఫోన్ తేదీ, టైమ్ సరిగా ఉన్నాయో లేదో కూడా ఒక చూపు చూడండి. తేదీ తప్పయితే సైట్ భద్రతా సర్టిఫికెట్ చెల్లనట్టు అనిపించి బ్రౌజర్ తలుపు వేసేస్తుంది.

కంప్యూటర్‌లో ఉంటే ఇంకో గొప్ప సౌకర్యం ఉంది. ఎఫ్12 నొక్కి కన్సోల్ అనే ట్యాబ్ చూడండి. ఎర్ర గీతలు చూసి భయపడక్కర్లేదు. చివర్లో "బ్లాక్డ్ బై క్లయింట్" అని ఉంటే ఆపింది మీ ఎక్స్‌టెన్షనే. 404 అంటే ఆ ఫైల్ అక్కడ లేదు. 500, 503 లాంటివి ఉంటే తప్పు సర్వర్‌ది, మీరు గంటసేపు సెట్టింగ్స్ తిప్పినా లాభం లేదు. డెవలపర్ కానక్కర్లేదు, ఆ ఒక్క లైన్ చదవడం వస్తే చాలు.

చెల్లి ఫోన్ కథ ఇలా తేలింది. మరుసటి వారం ఊరెళ్లినప్పుడు చూస్తే ప్రైవేట్ డీఎన్ఎస్‌లో యాడ్స్ ఆపే పేరుంది. దాన్ని ఆపితే ఆ సైట్‌లో బటన్లు పనిచేశాయి, పెడితే ఆగిపోయాయి. ల్యాప్‌టాప్‌లో అదే డీఎన్ఎస్ పెట్టి కన్సోల్ తెరిచా. ఒక అనలిటిక్స్ స్క్రిప్ట్ రాకపోవడంతో దాని వెనకున్న కోడ్ మొత్తం నిలిచిపోతోంది. చెల్లి నా వెనకే నిలబడి చూస్తోంది. తిట్టలేదు. "అన్నయ్యా, సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ సెట్టింగ్ పెట్టింది నువ్వే కదా" అంది. అంతే.

తప్పు అటువైపు ఉన్నా వేలు మనవైపే

2025 నవంబర్ 18 గుర్తుందా? మన టైమ్ ప్రకారం సాయంత్రం ఐదు గంటలకు కాస్త ముందు ఎక్స్, చాట్‌జీపీటీ సహా బోలెడు సైట్లు తెరుచుకోవడం మానేశాయి. చాలా చోట్ల తెరమీద కనిపించిన మాట ఏమిటంటే, ముందుకు వెళ్లాలంటే "ఛాలెంజెస్ డాట్ క్లౌడ్‌ఫ్లేర్ డాట్ కామ్"ను అన్‌బ్లాక్ చేయండి అని. అది చదివిన ఎవరైనా ఏమనుకుంటారు? మన యాడ్ బ్లాకరే అడ్డు అనుకుంటారు. నేనూ అనుకున్నా. ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపి చూశా.

మన బ్రౌజర్లలో ఏ తప్పూ లేదు. క్లౌడ్‌ఫ్లేర్ లోపల ఒక డేటాబేస్ అనుమతుల్లో చేసిన మార్పు వల్ల, బాట్లను గుర్తుపట్టే వ్యవస్థ వాడే ఫైల్ ఉండాల్సిన దానికి రెట్టింపైంది. దాన్ని చదివే ప్రోగ్రామ్‌కి ఒక పరిమితి ఉంది. పరిమితి దాటగానే కూలిపోయింది. రాత్రి ఎనిమిదింటికి గానీ చాలావరకు సర్దుకోలేదు. ఆ మూడు గంటల్లో కుకీలు తుడిచేసుకున్నవాళ్లకి దక్కింది మళ్లీ లాగిన్ అయ్యే శ్రమ మాత్రమే.

నాకు కోపం ఇక్కడే. సైట్ పాడైతే ముందు అనుమానం వాడేవాడి మీద పడుతుంది. "మీ బ్రౌజర్ చెక్ చేసుకోండి", "క్రోమ్‌లో మాత్రమే తెరవండి", "క్యాచీ క్లియర్ చేసి ప్రయత్నించండి". హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసినా ఇదే పాట. క్రోమ్‌లో మాత్రమే పనిచేస్తుందని రాసుకోవడం సూచన కాదు, మేం మిగతా వాటిలో పరీక్షించలేదని ఒప్పుకోవడం.

"యాడ్ బ్లాకర్ పెట్టుకున్నది నువ్వు, సైట్‌ని అంటావేంటి?" అని అడుగుతారు కొందరు. న్యాయమైన ప్రశ్నే. నా తప్పు నేను ఒప్పుకున్నా. కానీ ఆలోచించండి. చెల్లి ఎన్ని నిమిషాలు పేజీలో ఉందో లెక్కపెట్టే స్క్రిప్ట్ రాకపోతే, చెల్లి ఆప్షన్లు సేవ్ అవ్వకపోవడానికి కారణం ఏముంది? జావాస్క్రిప్ట్ ఏమీ లేకుండానే ఒక మామూలు ఫారాన్ని సర్వర్‌కి పంపడం హెచ్‌టీఎంఎల్‌కి మొదటి రోజుల నుంచి తెలుసు. కనీసం "ఒక భాగం లోడ్ కాలేదు, మీ ఆప్షన్లు ఇంకా సేవ్ కాలేదు" అని ఒక్క వాక్యం చూపించినా చాలేది. తిరిగే చక్రం ఆ మాట చెప్పదు. పని జరుగుతోందని అబద్ధం చెప్తుంది.

పాత ఫోన్ల సంగతి

ఇంకో వర్గం గురించి మనం మాట్లాడటమే లేదు. క్రోమ్ 138తో ఆండ్రాయిడ్ 8, 9 ఫోన్లకు కొత్త వెర్షన్లు ఆగిపోయాయి. 139 నుంచి ఆండ్రాయిడ్ 10 ఉండాల్సిందే. విండోస్ 7 కంప్యూటర్లకు 2023లోనే 109తో ఆగిపోయింది. ఆగిపోయిన రోజే ఏదీ పాడవదు. కానీ జావాస్క్రిప్ట్‌లో ఏటా కొత్త రాత పద్ధతులు వస్తుంటాయి. పాత బ్రౌజర్‌కి తెలియని ఒక్క గుర్తు ఫైల్‌లో కనిపిస్తే ఆ లైన్ ఒక్కటే వదిలేయదు, ఫైల్ మొత్తాన్ని పక్కన పడేస్తుంది. అక్కడితో పేజీలో సగం బటన్లు బొమ్మలైపోతాయి. ఇలాంటి ఫోన్‌లో క్యాచీ వందసార్లు క్లియర్ చేసినా ఫలితం సున్నా.

మన ఇళ్లలో కొత్త ఫోన్ మనకి, పాతది అమ్మకో తాతయ్యకో వెళ్తుంది. పింఛను, గ్యాస్, కరెంట్ బిల్లు పనులు వాళ్లు చేసేది ఆ పాత ఫోన్‌లోనే. కాబట్టి ఫోన్ చేతులు మార్చే ముందు ప్లే స్టోర్‌లో క్రోమ్‌కి ఇంకా అప్‌డేట్లు వస్తున్నాయో లేదో చూడండి. క్రోమ్‌కి ఆగిపోతే ఫైర్‌ఫాక్స్ వస్తుందేమో చూసి పెట్టివ్వండి. నాలాంటి రివ్యూ రాసేవాళ్లం కూడా మారాలి. కెమెరా జూమ్ గురించి మూడు పేరాలు రాస్తాం, ఈ ఫోన్‌లో బ్రౌజర్ ఎన్నేళ్లు బతుకుతుందో ఒక్క లైన్ రాయం. ఆండ్రాయిడ్ అప్‌డేట్లు ఎన్నేళ్లో రాసేటప్పుడు ఇక నుంచి ఆ లైన్ కూడా కలుపుతా.

చివరిగా

క్యాచీ క్లియర్ చేయడం తప్పని నేను అనట్లేదు. అది వరసలో చివర ఉండాలంటున్నా, అదీ ఆ ఒక్క సైట్‌కే. ముందు దాచుకోండి, తర్వాత ఇంకో ఫోన్, ఇన్‌కాగ్నిటో, ఇంకో ఇంజిన్, డీఎన్ఎస్. ఇవన్నీ చూసినా రాకపోతే ఎర్ర గీతల స్క్రీన్‌షాట్, టైమ్, ఫోన్ మోడల్, బ్రౌజర్ వెర్షన్ రాసి సైట్‌వాళ్లకే పంపండి. "సైట్ పనిచేయట్లేదు" అని రాస్తే వాళ్లు మళ్లీ క్యాచీ పాటే పాడతారు. ఆధారం పంపితే తప్పించుకోవడం కష్టం. నేను అలాగే పంపా. జవాబు రాలేదు, కానీ నెల తర్వాత అదే డీఎన్ఎస్‌తో ఆ సైట్ తెరిస్తే బటన్లు పనిచేస్తున్నాయి. నా మెయిల్ వల్లేనో కాదో నాకు తెలియదు.

మీ ఇంట్లో ఎవరి ఫోన్‌లోనైనా మీరు ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టిచ్చి ఉంటే, ఈ రోజే ఫోన్ చేసి అది ఎక్కడుందో, ఎలా ఆపాలో చెప్పండి. సెట్టింగ్ పెట్టిచ్చేవాడికి దాన్ని తీయడం నేర్పే బాధ్యత కూడా ఉంటుంది. చెల్లికి ఇప్పుడు నేర్పా. ఇప్పుడు తనే హాస్టల్లో వాళ్లకి సైట్లు పనిచేయకపోతే చూసిపెడుతోందట. మొదట అడిగే ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటేనట: "స్క్రీన్‌షాట్ తీశావా?"